ఊదా గీత

నిన్న ఆదివారం అల్మారా పైఅర నుంచి చలికాలం దుప్పట్లు దించుతుంటే, జానెడు తెల్ల పేలిక ఒకటి మడతల్లోంచి జారి నా పాదాల మీద పడింది. దాని అంచు పొడుగునా దారంతో వేసిన ముడులు. ఒకచోట ఒకటి, కాస్త అవతల రెండు, ఆ తర్వాత మూడు, అలా ఐదు దాకా. అవి ఆమె వేసినవి.

ఆమె పేరు రాయను. ఇలాంటి రాతల్లో పేరు దాచడం మర్యాద అంటారు. నాది మర్యాద కాదు, భయం. ఈ కాగితం ఎవరి కంట పడుతుందో, దానివల్ల ఆమెకు ఏమవుతుందో నాకు తెలియదు. ఈ ఐదు నెలల్లో ఆమెను తలుచుకోని రోజు లేదని రాస్తే అది అబద్ధం. మర్చిపోవాలనే చూశాను. చాలావరకు మర్చిపోయాను కూడా.

హైటెక్ సిటీలో నా ఉద్యోగం, వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. పదిహేనేళ్లుగా అదే పని చేసీ చేసీ, సాయంత్రం కొండాపూర్‌లో ఇంటికొచ్చేసరికి ఎవరి మొహమూ చూడబుద్ధి కాదు. మా అమ్మ పోయాక ప్రొద్దుటూరు నుంచి తెచ్చుకున్న ఆమె నూలు చీరలతో బొంతలు కుట్టడం మొదలుపెట్టాను. పైన తెల్లగుడ్డ, మధ్యలో పలచటి దూది, కింద అమ్మ చీర. మూడూ కలిసుండేలా గుడ్డంతా చేతికుట్టు వెయ్యాలి. కుట్టు సూటిగా పోవాలంటే ముందు గీత గియ్యాలి, కుట్టయ్యాక ఆ గీత కనిపించకుండా పోవాలి. నా కుట్టు పరవాలేదు. గీతే తాగినవాడి నడకలా ఉంటుంది.

హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్ దగ్గర ప్యాంట్లు పొట్టి చేసే చిన్న దుకాణం ఒకటుంది. అందులోని ముసలాయన నా గుడ్డ తిప్పి చూసి, "గీత పనైతే ఆమెనడుగున్రి మేడం. నాకన్న మంచిగ గీస్తది" అని, మూల మిషన్ ముందు కూర్చున్న మనిషిని చూపించాడు. ముప్ఫై ఏళ్లుంటాయేమో. నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన నీలం పెన్ను సంచిలోంచి తీసి గొప్పగా ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"ఇది పోతదా మేడం?"

"నీళ్లు తగిలితే పోతుందని డబ్బా మీద రాశారు."

"డబ్బా మీద మస్తు రాస్తరు. అంచుకు అడుగుదాం."

ఆ మాట తర్వాత ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అంచుకు అడగడమంటే, అదే గుడ్డ అంచు నుంచి పేలిక కత్తిరించి, దాని మీద గీసి, ఒక ముక్కను తడపడం, ఒకదాన్ని ఇస్త్రీ చెయ్యడం, ఒకదాన్ని ఎండలో వెయ్యడం. ఏ ముక్క ఏ పెన్నుదో గుర్తుండటానికి పక్కన ముడులు. నేను ఆఫీసులో నెలకింత జీతం తీసుకుని చేసేది కూడా అదే. ఆమె నాకంటే బాగా చేసేదని ఒప్పుకోవడానికి నాకు సిగ్గులేదు. నీలం గీత చన్నీళ్లకు వెంటనే పోయింది. తడపకముందే ఇస్త్రీ చేసిన ముక్క మీద మాత్రం గోధుమరంగుకు తిరిగి, ఎంత ఉతికినా కదలనంది. అప్పటికే ఒక దిండు గలీబుకు నేను ఆ ఘనకార్యం చేసి ఉన్నాను. ఆ మరక ఇప్పటికీ ఉంది.

శనివారాలు మా ఇంటికొచ్చి గీతలు గీసిపెట్టేలా మాట్లాడుకున్నాం. రెండో వారానికే ఆమె పిలుపులో మేడం పోయి అక్క వచ్చింది. గుడ్డను హాల్లో నేల మీద పరిచి, మోకాళ్ల మీద వెనక్కి జరుగుతూ గీసేది. గీత పూర్తవగానే చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి, గీత పొడుగునా చూసేది. పెన్ను మూత పెట్టి, టక్‌మన్నాక కూడా మళ్లీ ఒకసారి నొక్కేది. పని చేస్తున్నంతసేపూ ఆమె మొహం గుడ్డ వైపుండేది, చెవి మాత్రం గుమ్మం వైపు. లిఫ్ట్ ఆగిన చప్పుడైతే చెయ్యి ఆగేది. లిఫ్ట్ తలుపు మూసుకున్నాక మళ్లీ కదిలేది. ఇది నేను మొదటి రోజే గమనించాను. అడగలేదు.

ముదురు రంగు గుడ్డలకు ఆమె సబ్బుముక్క తప్ప ఇంకోటి వాడనిచ్చేది కాదు. ఇంట్లో అరిగిపోయిన సబ్బులను పిట్టగోడ మీద ఎండబెట్టి, పలచటి అంచు వచ్చేలా గోకి, కాగితంలో చుట్టి తెచ్చేది. ఉతికితే సబ్బే కదా, పోక ఎక్కడికి పోతుంది. తెల్లగుడ్డతోనే వచ్చింది చిక్కు. దాని మీద సబ్బు కనిపించదు. దర్జీలు వాడే రంగు సుద్ద, నేను కుట్టుకుంటూ మధ్యకు వచ్చేలోపే రాలిపోయేది. వేడికి పోయే పెన్ను ఒకటి కొన్నాను. ఆమె గీసింది, నేను ఇస్త్రీపెట్టె ఆనించాను, గీత క్షణంలో మాయమైంది. నేను చప్పట్లు కొట్టాను. ఆమె కొట్టలేదు. ఆ ముక్కను మడిచి మా ఫ్రిజ్‌లో ఐస్ పెట్టే అరలో పడేసి, మర్చిపోయినట్టే వెళ్లిపోయింది. మరుసటి శనివారం రాగానే తీసి నా ముందు పరిచింది. గీత మళ్లీ ఉంది.

"పోలే అక్కా. దాసుకున్నది. గిసుంటిది ఇంట్ల ఉంటే నిద్ర పడతదా?"

నవ్వుతూనే అంది. నవ్వుతున్నప్పుడు ఎడమచేత్తో కొంగు మెడ దాకా లాక్కుంది. మెడ దగ్గర ఏముందో నేను చూడకూడదని లాక్కుందని అర్థమైంది. ఫ్రిజ్ తలుపు సరిగా పడిందో లేదో చూసే నెపంతో అటు తిరిగాను. పరాయివాళ్ల ఇంటి సంగతి తవ్వకూడదని పెంచిన పెంపకం మాది. ఆ పెంపకాన్ని ఇప్పుడు తిట్టుకుంటున్నాను.

ఊదా పెన్ను కొన్నదీ నేనే. నీళ్లు అక్కర్లేదు, ఇస్త్రీ అక్కర్లేదు, పొద్దున గీస్తే మర్నాటికి దానంతటదే పోతుంది. ఆమె అంచుకు అడిగింది. పోయింది. ముసురు పట్టిన రోజైతే సాయంత్రానికే పోయింది. అన్ని పెన్నులనూ అనుమానంగా చూసే మనిషి, దీన్ని మాత్రం చేతిలో పట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.

"రాసింది గూడ పోతదా అక్కా?"

"గీతకూ రాతకూ తేడా ఏముంది? పోతుంది."

"నిశాని గూడ ఉండదా?"

"ఉండదు. ఎందుకట్లా అడుగుతాండావు?"

పేలిక మీద బిడ్డ పేరు రాసి సంచిలో వేసుకుంది. ఆరేళ్ల ఆడపిల్ల. ఆ పిల్ల పేరెత్తినప్పుడే ఆమె గొంతు కాస్త పైకి లేచేది. మళ్లీ శనివారం, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే చెప్పింది.

"తెల్లారినంక సంచి దులిపి చూసిండు అక్కా. ఉత్త పేలిక. ఏం దొరకలే."

"ఎవరు?"

"ఇంకెవరు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె ఎందుకు నవ్విందో తెలుసు, భయంతో నవ్వింది. నేనెందుకు నవ్వానో నాకిప్పటికీ తెలియదు.

ఆ తర్వాత ఇంకో పరీక్ష కూడా చేసింది. తెల్లబట్టలు నానబెట్టడానికి మా ఇంట్లో చాకలి సోడా పొట్లం ఉంటుంది. గీత పోయిన ముక్కను ఆ నీళ్లలో ముంచి, "అక్కా!" అని కేక పెట్టింది. పరుగెత్తుకుని వెళ్లాను. పోయిందనుకున్న ఊదా గీత బకెట్‌లో కళ్ల ముందే మళ్లీ లేచి వస్తోంది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ముక్క ఆరాక గీత మళ్లీ పోయింది. కుట్టయ్యాక ఉత్తనీళ్లలోనే ఉతకాలి, సోడా తగలనివ్వకూడదు అని అనుకున్నాం. అన్నిటి గుర్తులూ వేస్తూ వచ్చిన పేలిక మీద ఊదా పెన్నుకు ఐదు ముడులు వేసి నాకే ఇచ్చింది, దాచిపెట్టమని. ఇక తెల్లగుడ్డకు ఊదా పెన్నే.

దానితో మాకొక కట్టుబాటు ఏర్పడింది. ఊదా గీత ఆగదు గనక, ఆమె గీసిన సాయంత్రమే నేను గుడ్డ విప్పి, గీతల మీద పెద్ద పెద్ద పోగులతో కచ్చా కుట్టు వేసుకోవాలి. అసలు కుట్టు తర్వాత తీరిగ్గా వేసుకోవచ్చు. ఆమె గుడ్డను ఎనిమిది మడతలు పెట్టి నా రెండు చేతుల్లో ఉంచి, ప్రతిసారీ అదే మాట చెప్పేది.

"ఊదాది అక్కా. ఇయ్యాల్నే."

ఒక్క శనివారం కూడా నేను తప్పలేదు. అది ఆమెకు తెలుసు. మర్నాడు నేను కచ్చా కుట్టు ఫోటో దుకాణం ముసలాయన ఫోన్‌కి పంపేదాన్ని, ఆయన సోమవారం చూపించేవాడు. ఆమె ఫోన్‌కి పంపొద్దంది.

ఆషాఢంలో ఒక శనివారం వాన దంచి కొట్టింది. రోడ్లన్నీ నీళ్లు. ఆటో దొరకదని నేనే కారులో హఫీజ్‌పేట్ తీసుకెళ్లాను. దారి పొడుగునా ఒడిలో చేతులు కట్టుకుని కూర్చుంది. వాళ్ల సందు ఇంకా రాకముందే, "ఈడనే దిగుత అక్కా, ఈడనే" అంది. కారు ఆపాను. గొడుగు పట్టుకుని ఒక మనిషి అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. శుభ్రమైన చొక్కా, నున్నగా దువ్విన తల. వాళ్లాయనకు జీడిమెట్లలో ఏదో ఫ్యాక్టరీలో షిఫ్టు పనని ఆమె ఎప్పుడో చెప్పింది. ఆయనే తలుపు తీసి, ఆమె తల తడవకుండా గొడుగు పట్టాడు. తర్వాత వంగి నావైపు చూశాడు.

"మీకెందుకు మేడం తకలీఫ్? ఇగ నుంచి నేనే తీస్కొస్త, నేనే తీస్కపోత."

మాట మెత్తగా ఉంది. కారు ముందుకొచ్చి నంబరు చూసి, పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. అద్దంలో చూస్తే ఇద్దరూ ఒకే గొడుగు కింద నడుస్తున్నారు. ఆమె మోచెయ్యి ఆయన పిడికిట్లో ఉంది. ఎంత బాగా చూసుకుంటున్నాడో అనుకోవడానికి నా వంతు ప్రయత్నం నేను చేశాను. కుదరలేదు.

ఆ వారమే ఆమెను దుకాణం మాన్పించాడట, ముసలాయన చెప్పాడు. ఆ తర్వాత శనివారం నుంచి మొగుడు కూడా పైకే వచ్చేవాడు. హాల్లో గుమ్మం పక్కనున్న కుర్చీలో, ఆమె వీపు కనిపించేలా కూర్చునేవాడు. టీ ఇస్తే తాగి, కప్పు కడిగిచ్చేవాడు. "పని కానీయి, నాకేం ఫికర్ లేదు" అనేవాడు. మూడు గంటలు అలాగే కూర్చునేవాడు. మేమిద్దరం కొలతలు తప్ప ఇంకేం మాట్లాడుకోలేదు. రెండంగుళాలు, అంగుళంన్నర, మళ్లీ రెండు. లేచేముందు ఆమె సంచి అందుకుని, లోపల చెయ్యి పెట్టి, టేపు, కత్తెర, సబ్బుముక్కలు ఒక్కొక్కటీ తీసి చూసి మళ్లీ పెట్టేవాడు, పెళ్లాం ఏదైనా మర్చిపోయిందేమో చూసే మంచి మొగుడిలాగా. గుడ్డ జోలికి మాత్రం వచ్చేవాడు కాదు. గుడ్డ నాది కదా.

శ్రావణంలో ఆ చివరి శనివారం కూడా ముసురే. నా ఫోన్ పొద్దుటి నుంచి మోగుతూనే ఉంది. ఆ వారమే మా కొత్త ప్రోగ్రాము కస్టమర్ల చేతికి వెళ్లాలి, ఎక్కడో ఏదో విరిగింది, అందరూ ఆఫీసుకు రమ్మంటున్నారు. నేను వంటగదికీ హాలుకీ తిరుగుతూ ఫోన్‌లో అరుస్తున్నాను. ఆమె గుడ్డ మధ్యభాగం ఎప్పటిలాగే గబగబా గీసేసింది. అంచు దగ్గర మాత్రం చాలాసేపు పట్టింది. అంచు ఎప్పుడూ ఆమెకు ఐదు నిమిషాల పని. ఆ రోజు అరగంట వంగే ఉంది, జుట్టు గుడ్డకు తగిలేంతగా.

"ఇంకెంతసేపు?" అన్నాడు ఆయన.

"తీగ డిజైన్. సన్నగ వెయ్యాలె" అంది తలెత్తకుండా.

అయ్యాక ఎనిమిది మడతలు పెట్టి నా చేతుల్లో ఉంచింది. నా వేళ్లను గుడ్డతో కలిపి పట్టుకుంది.

"ఊదాది అక్కా. ఇయ్యాల్నే."

"సరే."

"ముసురున్నది. జల్ది పోతది. ఇయ్యాల్నే చూడు."

"నాకు తెలుసులేమ్మా" అన్నాను. కాస్త విసుగ్గానే అన్నాను. ఫోన్ మళ్లీ మోగుతోంది.

గుమ్మం దగ్గర ఇంకోసారి వెనక్కి తిరిగింది. ఆయన ఆమె సంచి తడిమి చూసి, నాకు నమస్కారం పెట్టి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.

ఆఫీసులో ఖాళీ దొరికితే కచ్చా కుట్టు వేద్దామని గుడ్డను ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకున్నాను. ఖాళీ దొరకలేదు. ఆ వారం ఎలా గడిచిందో నాకు గుర్తులేదు. అంతా అయ్యాక, శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి గుడ్డ విప్పాను. మచ్చ లేని తెల్లగుడ్డ. అయ్యో, పిల్ల కష్టమంతా పాడుచేశానే, రేపు తిడుతుంది అనుకుని, మడిచి అల్మారాలో పెట్టాను.

మర్నాడు ఆమె రాలేదు. ఫోన్ కలవలేదు. ఆదివారం దుకాణానికి వెళితే, ముసలాయన సూదిలో దారం ఎక్కిస్తూ చెప్పాడు.

"మొన్న బేస్తారం పొద్దుగాల బిడ్డనేస్కొని స్టేషన్ల బల్ల మీద కూసున్నది మేడం. చేతిల ఒక బట్టల సంచి. ఎటు పోతున్నవ్ బిడ్డా అంటే, మా అక్క వస్తది అన్నది. పగటీలి అన్నం యాళ్ల దాంక అట్లనే కూసున్నది. ఆఖరికి ఆయన ఒచ్చి తోల్కపోయిండు. లొల్లి గిట్ల ఏం చెయ్యలే. నవ్వుకుంటనే తోల్కపోయిండు."

వాళ్లుండే గది చూపించమన్నాను. తాళం వేసి ఉంది. ఆ మర్నాడే, శుక్రవారం పొద్దున్నే సామాను ఆటోలో వేసుకుని ఖాళీ చేశారని పక్కింటావిడ చెప్పింది. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదట. పిట్టగోడ మీద సబ్బుముక్కలు ఇంకా ఎండుతూనే ఉన్నాయి, వానకు సగం కరిగిపోయి.

ఆమెకు తోడబుట్టినవాళ్లు లేరు. నార్సింగి అవతల పుట్టిన ఊరే గుర్తుపట్టలేకుండా మారిపోయిందనీ, అక్కడ తనవాళ్లెవరూ మిగల్లేదనీ ఒకసారి చెప్పింది. మరి ఆ అక్క ఎవరు? పెద్దమ్మ కూతురెవరో ఉండి ఉంటుందిలే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు హాయిగా ఉంది. పోలీసులకు చెబుదామా అనిపించింది. గీతలు గీసే మనిషి రావడం లేదని చెప్పాలా అని నన్ను నేనే ఎగతాళి చేసుకుని ఊరుకున్నాను.

నిన్న పేలిక దొరికాక, దాని వెనకాలే ఆ తెల్లగుడ్డ కూడా దొరికింది. ఐదు ముడుల దగ్గర వేలు పెట్టి కాసేపు కూర్చున్నాను. అప్పుడు సోడా గుర్తొచ్చింది. ఆమె గీసిన గీతలు తిరిగొస్తే, వాటి మీదే కుట్టు వేసి ఆ బొంత పూర్తిచేద్దామనుకున్నాను. అంతకు మించి నాకు ఇంకే ఆలోచనా లేదు. టబ్బులో సోడా కలిపి గుడ్డ ముంచాను. ముందు మధ్యలోని గళ్లు వచ్చాయి, ఎంత సూటిగా ఉన్నాయో. ఆ తర్వాత అంచు చుట్టూ రెండు గీతలు వచ్చాయి. రెండు గీతల మధ్య తీగ ఉండాల్సిన చోట సన్నటి అక్షరాలు వచ్చాయి. దూరం నుంచి చూసేవాడికి తీగే అనిపిస్తుంది. నేను గుడ్డ తిప్పుకుంటూ చదివాను.

"అక్కా బేస్తారం పొద్దుగాల ఆయన డ్యూటీకి పోయినంక బిడ్డను తీస్కొని హఫీజ్‌పేట్ స్టేషన్ల కూసుంట. కారు తీస్కొని రా. ఫోన్ చెయ్యకు. ఈసారి దొరికితే బతకనియ్యడు. నువ్వు ఇయ్యాల్నే చూస్తవని దీని మీద రాస్తున్న."

గుడ్డ ఆరితే అక్షరాలు పోతాయి. ఆరకముందే ఫోటోలు తీశాను. మళ్లీ తడిపాను, మళ్లీ తీశాను. రాత్రంతా కళ్లు మూస్తే స్టేషన్ బల్లే కనిపించింది.

ఇవాళ సెలవు పెట్టాను. ఇంకో గంటలో పోలీస్ స్టేషన్‌కు బయల్దేరుతున్నాను. మనిషి గుర్తులు అడుగుతారు. నా దగ్గర ఆమె ఫోటో ఒక్కటి కూడా లేదు. ఉన్నవి ఇవే. చెంప నేలకు ఆనించి గీత చూసే తీరు, పెన్ను మూత రెండోసారి నొక్కే వేలు, లిఫ్ట్ చప్పుడుకు ఆగిపోయే చెయ్యి. అక్కడ మాట తడబడకూడదని ఇదంతా పొద్దున్నే కూర్చుని రాసుకున్నాను. పేరు వాళ్లకు నోటితో చెబుతాను. గుడ్డ, పేలిక, సోడా పొట్లం సంచిలో పెట్టుకున్నాను.

వాళ్లు ముందుగా ఏమడుగుతారో నాకు తెలుసు. ఈ గుడ్డ మీకు ఎప్పుడిచ్చింది, మీరు ఎప్పుడు విప్పారు అంటారు.

శనివారం ఇచ్చింది. నేను శుక్రవారం విప్పాను.